పద్నాలుగు బండ్లు

నట్టింటి స్తంభం మీద ఎర్రగీత పడి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులుగా హనుమంతప్ప కొడుకుతో మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే నోరు మూసుకున్నాడని కాదు. కొడుకు వినేట్టు పెళ్లాంతోనూ, స్తంభంతోనూ, గోడ మీది క్యాలెండరుతోనూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"కమలా, మీవాణ్ణి అడుగు. సర్కారు నేల మీద కూర్చోని ముద్ద తింటా ఉండాడే, దానికి బాడిగ ఏమైనా కట్టల్లేమో!"

చెన్నకేశవ తలెత్తలేదు. గీతకు వీధి వైపున కూర్చుని రాగిముద్దను పులుసులో అద్దుకుంటున్నాడు. తండ్రి గీతకు వంటింటి వైపున కూర్చున్నాడు. మొదటి రోజు కోపంలో అలా కూర్చున్నారు, తర్వాత అదే అలవాటైపోయింది. మధ్యలో కమలాక్షి పులుసుగిన్నె పట్టుకుని ఆ పక్కకీ ఈ పక్కకీ తిరగలేక చస్తోంది.

గీత హైవే ఆఫీసు వాళ్లది. చిన్నపేట బజారు మధ్యలోంచి పోయే రోడ్డును ఎనభై అడుగులు చేస్తే ఎవరి ఇల్లు ఎంతవరకు పోతుందో కొలిచి, ఇంటింటికీ ఎర్రరంగు పూసి పోయారు. హనుమంతప్పకు ధాన్యం అంగడి మొత్తం పోతుంది. దాని వెనక నడవ, నట్టింట్లో సగం పోతాయి. వంటిల్లు, దొడ్డి మిగులుతాయి. పక్కింటి బచ్చప్ప బట్టలంగడికైతే వెనకగోడ తప్ప మరేమీ మిగలదు.

ఇంతా చేస్తే వాళ్లు వచ్చింది బజారును బాగుచేస్తామని! కాలువల మీద బండలు పరుస్తాం, సిమెంటు వేస్తాం, దీపస్తంభాలు పెడతాం, కూరగాయల వాళ్లకు షెడ్డు కడతాం అన్నారు. దాంతోపాటే లారీల రద్దీకి కూడా ఏదో ఒక దారి చూస్తామన్నారు. ఆ మాటను అప్పుడెవరూ పట్టించుకోలేదు. వర్తకుల సంఘం అధ్యక్షుడిగా హనుమంతప్పే ఇంజనీరుకు దండ వేశాడు.

రేపు పది గంటలకు ఆ ఇంజనీరు వెంకటేశప్ప మళ్లీ వస్తాడు. ఈసారి దండ కాదు, పటం మీద హనుమంతప్ప సంతకం కావాలి.

"ఇంటి కూడు తిని ఇంటి మీదికే గీత తెచ్చినాడు," అన్నాడు హనుమంతప్ప క్యాలెండరుతో.

చెన్నకేశవ చెయ్యి ఆపాడు. "నేను గీత తేలేదు నాయినా. లెక్క రాసినాను. పోయిన బండిని పోయిందని రాసినాను, అంతే."

అదీ నిజమే. పోయిన నెలలో వారం రోజులపాటు బజారు మొదట్లో గొడుగు కింద కూర్చుని, వచ్చే పోయే బండ్లనూ బస్సులనూ లెక్కపెట్టింది చెన్నకేశవే. రోజుకూలీ పని. లెక్క సరిగా ఉంటే పర్మనెంటు చేయిస్తానని వెంకటేశప్ప మాటిచ్చాడు. రెండేళ్లుగా పని కోసం ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి వచ్చిన పిల్లవాడికి ఆ మాట ఎంతటిదో కమలాక్షికి తెలుసు.

హనుమంతప్ప ఇక ఉండబట్టలేకపోయాడు. నాలుగు రోజుల పంతం ఒక్క గుక్కలో దిగిపోయింది. "లెక్క ఎక్కువైతే బజారు పెద్దదని నాలుగు దీపాలు ఎక్కువ ఇయ్యల్ల గానీ, ఇండ్లు కూలగొట్టేది ఏందిరా? ఏ ఊరి న్యాయం ఇది?"

"బస్సులు లారీలు ఎక్కువైతే దావ పెద్దది చేస్తారు. దీపాల లెక్క వేరే."

"యాడుండాయిరా మన బజారులో అన్ని లారీలు?"

"లారీలు కాదు నాయినా. ఎద్దులబండ్లు."

"బండి ఏం చేస్తుంది? దాని పాటికి అది పోతా ఉంటుంది."

"అదే కదా తంటా. అది మెల్లగా పోతుంది. దాని వెనక బస్సులూ కార్లూ అన్నీ నిలబడల్ల. అందుకే ఆఫీసు పుస్తకంలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క లెక్క ఉండాది. సైకిలు అంటే అర కారు. లారీ అంటే మూడు కార్లు. ఎద్దులబండి అంటే ఎనిమిది."

హనుమంతప్ప చేతిలోని ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

"ఎనిమిదా?"

"ఎనిమిది. గురువారం ఒక్కరోజే నూట అరవై ఎనిమిది బండ్లు పోయినాయి. ఎనిమిదితో హెచ్చవేసి చూడు, ఎన్ని కార్లు అవుతాయో."

కమలాక్షి గిన్నె కింద పెట్టింది. "గురువారమా? అదెట్లరా? గురువారం నేను పద్నాలుగు చెంబులే కదా మజ్జిగ పోసినాను!"

ఆ ఇంట్లో అదొక పద్ధతి. అత్తగారి నాటి నుంచీ అంగడి ముందు ఆగిన ప్రతి బండివాడికీ ఒక చెంబు మజ్జిగ ఇవ్వాలి. రోజుకు ఒక్కటే. ఎన్నిసార్లు వచ్చినా రెండోది లేదు. కోడలై వచ్చిన రోజున అత్తగారు తాళంచెవుల కంటే ముందు అప్పగించింది ఆ చెంబునే. పెరుగు ఎంత తోడు పెట్టాలో తెలియడానికి కమలాక్షి రోజూ మనుషుల్ని లెక్క చూసుకుంటుంది. అందులో ఆమె ఎన్నడూ తప్పలేదు.

"తక్కినవాళ్లు మన అంగడి దగ్గర ఆగలేదేమో అమ్మా," అన్నాడు చెన్నకేశవ. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతను తల్లి వైపు చూడలేదు, తండ్రి వైపు అంతకంటే చూడలేదు.

హనుమంతప్ప గటగటా నీళ్లు తాగి, సగం ముద్ద మిగిలి ఉండగానే పళ్లెంలో చెయ్యి కడిగేశాడు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా ఆయన అలా లేవడం కమలాక్షి చూడలేదు.

* * *

మధ్యాహ్నం గంగప్ప బైరకూరు నుంచి రాగిమూటలు వేసుకొచ్చాడు. బంగారు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయాక, వచ్చిన డబ్బుతో బండీ ఎద్దులూ కొనుక్కున్న మనిషి. ఆయన ఎడమ ఎద్దుకు ఒకే కొమ్ము. దాన్ని చూస్తే చాలు, అది గంగప్ప బండేనని పేటలో చంటిపిల్లలు కూడా చెప్తారు.

కమలాక్షి మజ్జిగ చెంబు చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

"గంగప్పా, ఆ లెక్క రాసిన వారంలో ఏం జరిగింది?"

గంగప్ప అంగడి వైపు ఒకసారి చూశాడు. "చెప్పకూడదని హనుమంతప్ప సామి ఒట్టు పెట్టించుకున్నాడమ్మా."

"ఒట్టు నోటికి కదా, తలకు లేదు కదా? నేను అడుగుతాను. నువ్వు తల ఊపు, చాలు."

గంగప్ప ఆలోచించి, ఇందులో తప్పేమీ లేదనుకుని చెంబు కింద పెట్టాడు.

"మీ పద్నాలుగు బండ్లూ బజారులోంచి పోయి, మండీ సందులో తిరుక్కోని, మళ్లా బజారులోకే వచ్చినాయా?"

తల నిలువుగా ఊగింది.

"ఐదారు సార్లు తిరిగినారా?"

తల అడ్డంగా ఊగింది.

"పది?"

గంగప్ప ఇక ఆగలేకపోయాడు. "పన్నెండమ్మా! ఒక్కొక్క బండీ పన్నెండు సుట్లు! నా ఒంటికొమ్మోడు ఆ ఎండలో కూడా ఒక్క సుట్టు తగ్గలేదు."

"సిగ్గులేదూ చెప్పుకునేదానికి! ఎవరిది ఈ ఉపాయం?"

గర్వం కాస్తా దిగిపోయింది. గంగప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాదేనమ్మా. నేను పనికి చేరిన కొత్తలో ఒక మేస్త్రి ఉండె. పైనుంచి ఎవరైనా చూసేదానికి వస్తే, రాళ్లు మోసే టబ్బులుంటాయే, వాటినే మళ్లా మళ్లా తిప్పుతా ఉండె. చూసినోళ్లు అబ్బా ఎంత పని అనుకోని పోతా ఉండిరి. ఆ సంగతి ఊరికే మాటల్లో సామికి చెప్పినాను. బజారు నిండుగా కనబడితే దీపాలు ఎక్కువ ఇస్తారని సామి ఎగిరి గంతేసినాడు. ఇట్ల మనింటి మీదికే వస్తుందని మాకేం తెలుసమ్మా!"

కమలాక్షికి కోపం వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. బండి ఒకటి ఎనిమిదని తెలియక నూట అరవై ఎనిమిదిసార్లు తమ ఇంటిని తామే ఎడ్లతో తొక్కించుకున్నారు ఈ పెద్దమనుషులు! నవ్వు పెదవుల దాకా రాకముందే కొడుకు గుర్తొచ్చి ఆగిపోయింది.

"పిల్లోడు గుర్తుపట్టినాడా?"

గంగప్ప ఎద్దు మెడ నిమిరాడు. "మొదటి సుట్టులో నన్ను చూసి నవ్వినాడమ్మా. రెండో సుట్టులో నవ్వలేదు. ఇంగ ఆ తర్వాత నా మొహమే చూడలేదు. ఎద్దును చూసేది, రాసుకునేది, అంతే."

* * *

దీపం పెట్టే వేళకు హనుమంతప్ప అంగడి మూసి లోపలికొచ్చాడు. కమలాక్షి స్తంభానికి ఆనుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆయన వచ్చి గీతకు వంటింటి వైపున కూర్చున్నాడు.

"గంగప్ప చెప్పినాడు," అంది కమలాక్షి.

"వాడి నోట్లో ఆవగింజ నానదు."

"ఆయప్పను అనకండి. మీరెందుకు చెప్పలేదు నాకు?"

హనుమంతప్ప ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలవసాగాడు. గింజలు ఒళ్లో పడుతున్నాయి, పొట్టు గిన్నెలో పడుతోంది. ఆమె చూసి కూడా సరిచేయలేదు.

"నాకోసం చేసుకున్నానా కమలా? కోలారు వాళ్లు మన పేటను చూసి ఇదీ ఒక ఊరేనా అంటారు. గనుల్లో పని తగ్గినాక బజారుకు జనం తగ్గినారు. సాయంత్రం ఆరుకే బచ్చప్ప తలుపు వేసుకుంటా ఉండాడు. నాలుగు దీపాలు వస్తే నలుగురు మనుషులు వస్తారని ఆశ పడినాను."

ఆ గొంతులో ఎప్పుడూ ఉండే పెత్తనం లేదు. కమలాక్షికి ఆయన మీద జాలి కలిగింది. జాలి పడినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

"రేపు ఇంజనీరుతో చెప్పేయండి."

"ఏమని చెప్పేది? లెక్క దొంగలెక్క అని చెప్పల్ల. ఆ లెక్క కింద సంతకం ఎవరిది? నీ కొడుకుది! వాడి పని ఊడుతుంది. దొంగలెక్క రాసినోడికి ఇంగెవరు పనిస్తారు?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ముప్పై ఇండ్లు పోతాయి."

బచ్చప్ప ఇంట్లో రేడియో మోగుతోంది. ఆ రేడియో ఉన్న గూడు కూడా గీతకు వీధి వైపునే ఉంది, ఆమె నిన్ననే చూసి వచ్చింది.

"వాడికి తెలుసా?" అని అడిగాడు హనుమంతప్ప, చిక్కుడుకాయ వైపు చూస్తూ.

"ఎదురుగానే ఉండాడు కదా. వాణ్ణే అడగండి."

చెన్నకేశవ నడవలో కూర్చుని సైకిలు చైనుకు నూనె వేసుకుంటున్నాడు. పిలిస్తే పలికేంత దూరం. హనుమంతప్ప రెండుసార్లు గొంతు సవరించుకుని, చివరికి చేతిలో ఉన్న పొట్టును గిన్నెలో వేసి లేచిపోయాడు.

* * *

పొద్దున కమలాక్షి మజ్జిగ చిలుకుతుండగా వీధిలో గజ్జెల మోత వినిపించింది. ఒక జత కాదు, చాలా జతలు. తలుపు తీసి చూస్తే అంగడి ముందు నుంచి మండీ సందు దాకా పద్నాలుగు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది గంగప్పది.

"అయ్యో నా తలరాత! మళ్లా మొదలుపెట్టినారా?" అంది.

హనుమంతప్ప ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ వీధి వైపు తిరిగాడు.

పది దాటాక జీపు వచ్చింది. వెంకటేశప్ప ములబాగిలు మనిషి, తెలుగు వచ్చు, మాట మెత్తన. పటం చుట్ట చంకలో పెట్టుకుని అరుగు ఎక్కాడు. వెనక ఫైలు పట్టుకుని చెన్నకేశవ దిగాడు. బచ్చప్ప, మరో పదిమంది వర్తకులు చుట్టూ చేరారు.

"సంతకం పెట్టేదానికి ముందు ఒక్క పావుగంట కూర్చోండి సార్," అన్నాడు హనుమంతప్ప. "మీరే స్వయంగా బండ్లు లెక్కపెట్టి చూడల్ల."

వెంకటేశప్ప నవ్వి కూర్చున్నాడు. హనుమంతప్ప చెయ్యి ఊపాడు. బండ్లు ఒక్కొక్కటే అరుగు ముందు నుంచి కదిలాయి. ఇంజనీరు సరదాగా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పద్నాలుగయ్యాయి. పదిహేనో బండి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది.

"ఇది ఇందాక పోయిన బండి కదా? ఈ ఎద్దుకు ఒకటే కొమ్ము."

"అవును సార్. ఆ గురువారం ఇది పన్నెండుసార్లు పోయింది. పద్నాలుగు బండ్లూ పన్నెండేసి సార్లు పోయినాయి. నేనే తిప్పించినాను." హనుమంతప్ప పంచె అంచు సర్దుకున్నాడు. "నా కొడుక్కి ఈ సంగతి తెలియదు."

బచ్చప్ప నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ల స్నేహితుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నా అంగడి మీదికి గీత తెచ్చింది నువ్వా?" అని మాత్రం అని, అరుగు దిగి వెళ్లిపోయాడు.

హనుమంతప్ప కళ్లు దించుకోలేదు. తలుపు చాటున ఉన్న కమలాక్షికి మాత్రం దుఃఖం ముంచుకొచ్చింది. నలుగురిలో పేరు కోసం ప్రాణం పెట్టే మనిషి ఆ నలుగురి ముందే నిలబడి చెప్పుకున్నాడు, అదీ కొడుకు కోసం ఒక అబద్ధం కలిపి.

వెంకటేశప్ప చెన్నకేశవ వైపు తిరిగాడు. "నీకు తెలియదా?"

తెలియదు అంటే చాలు. పని నిలుస్తుంది. హనుమంతప్ప కొడుకు మొహంలోకి చూస్తూ, అనమని కళ్లతో బతిమాలుతున్నాడు.

"తెలుసు సార్," అన్నాడు చెన్నకేశవ.

"తెలిసి కూడా రాసినావా?"

"పోయిన ప్రతిసారీ రాయమని మీరే చెప్పినారు సార్. రాసినాను. ఇది మళ్లా అదే బండి అని పక్కన కూడా రాసినాను. ఆఖరి గడిలో."

ఇంజనీరు ఫైలు తెరిచి టైపు కాగితం తీశాడు. ఆయన వేలు కాగితం మీద కుడివైపుకు జరిగి, అంచు దగ్గర ఆగింది. ఆ వేలు అక్కడే ఉండిపోవడం కమలాక్షి తలుపు సందులోంచి చూసింది.

"ఇందులో ఆఖరి గడి లేదు," అన్నాడు వెంకటేశప్ప. మళ్లీ గొంతు తగ్గించి, "కాగితం వెడల్పు చాలదంటే, ఆ గడి వదిలేయమని టైపిస్టుకు నేనే చెప్పినాను," అన్నాడు.

గంగప్ప ఎద్దు మెడ దులుపుకుంటే గజ్జెలు మోగాయి.

"నువ్వు చేత్తో రాసిన కాగితాలు యాడ ఉండాయి?"

"మీ బల్ల మీదే పెట్టినాను సార్. ఆరోజే."

వెంకటేశప్ప లేచి పటాన్ని విప్పకుండానే చంకలో పెట్టుకున్నాడు. "టైపు కాగితం శుక్రవారమే బెంగళూరు పోయింది. దాని కింద నా సంతకం కూడా ఉండాది." చెన్నకేశవ వైపు తిరిగాడు. "ఎక్కు జీపు."

"యాడికి సార్?" హనుమంతప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. "తప్పు చేసింది నేను కదా సార్!"

ఇంజనీరు జీపు వైపు నడిచాడు. చెన్నకేశవ చెప్పులు వేసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, జీపు ఎక్కాడు. పద్నాలుగు బండ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ జీపు కోలారు ఆఫీసు వైపు పోయింది.

వర్తకులు మెల్లగా ఎవరి అంగళ్లకు వాళ్లు వెళ్లారు. హనుమంతప్ప లోపలికొచ్చి, గీతకు వీధి వైపున, కొడుకు కూర్చునే చోట కూర్చున్నాడు.

"ఆ ఎద్దును పన్నెండుసార్లు చూసినాడు కమలా. కాగితానికి చెప్పుకున్నాడు. నాకు ఒక్కసారైనా చెప్పలేదు."

"కాగితం ఎదురు మాట్లాడదు కదా," అంది కమలాక్షి.

అన్న తర్వాత అనకుండా ఉండాల్సిందని అనిపించింది. ఆయన తల వంచుకుని నేల మీది బండను వేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

వీధిలోంచి గంగప్ప పిలిచాడు. "సామీ, బండ్లు ఇప్పేదా, నిలిపేదా? సార్ మళ్లా వస్తాడా?"

కమలాక్షి కుండ దగ్గరికి వెళ్లి చెంబులు నింపసాగింది. పద్నాలుగు నింపి వీధిలోకి పంపింది. పదిహేనోది కొడుక్కని నింపి, భర్త పక్కన, గీతకు వీధి వైపునే పెట్టి మూత వేసింది.